నర్సింగ్ బోధనలో ఆన్‌లైన్ మాస్టర్స్: ఒక నల్లగొండ నర్సు సమీక్ష

అమెరికాలో నర్సులు చదివే మాస్టర్స్ డిగ్రీని ఎం.ఎస్.ఎన్. అంటారు. అందులో నర్సింగ్ ఎడ్యుకేషన్ ఒక శాఖ. నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పవలసిన వారిని, ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకు శిక్షణ ఇవ్వవలసిన వారిని తయారుచేయడం దాని పని. టెక్సాస్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తూ, అక్కడి ఒక విశ్వవిద్యాలయం థియరీ అంతా ఆన్‌లైన్‌లో నడిపే ఈ కోర్సును నేను పూర్తి చేశాను. అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగిన ఏడాది, ఒక సెమిస్టర్ థియరీ అంతా నల్లగొండలోని మా ఇంట్లో కూర్చుని చదివాను. అమెరికాకు వెళ్లకముందు ఇదే జిల్లాలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా పనిచేశాను కనుక, ఈ చదువును రెండు వైపుల నుంచీ తూచి చూసే వీలు నాకు కలిగింది. చదువుగా ఇది నాకు ఎంతో నచ్చింది. పట్టాగా మాత్రం అందరికీ పనికివచ్చేది కాదు, ముఖ్యంగా నల్లగొండలోనే ఉండి ఇక్కడి కాలేజీలో లెక్చరర్ కావాలనుకునే వారికి.

ఈ రెండో సంగతినే ముందుగా వివరించాలి. మిర్యాలగూడ నుంచో దేవరకొండ నుంచో ఫోన్ చేసే చెల్లెళ్లలో చాలామంది, "అక్కా, డ్యూటీ మానకుండా ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంటారా?" అని అడుగుతారు. తీసుకోరు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులపై యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ పద్ధతుల్లో నడపకూడని చదువుల్లో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీలతో పాటు నర్సింగ్ కూడా ఉంది. దూరవిద్యలో చేసిన ఎమ్మెస్సీ నర్సింగ్‌ను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించదు. గతంలో ఇగ్నో దూరవిద్యలో నడిపిన పోస్ట్ బేసిక్ బీఎస్సీకి (డిప్లొమా నర్సులు చేసే బీఎస్సీ) కౌన్సిల్ గుర్తింపు ఉండేది కాబట్టి, ఎమ్మెస్సీకి కూడా అటువంటి దారి ఉంటుందని మనవాళ్లు అనుకోవడం సహజమే. కానీ ఆ మినహాయింపు ఎమ్మెస్సీకి లేదు. "కాలేజీకి రానక్కరలేదు, పరీక్షలకు వస్తే చాలు" అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలను నమ్మి ఫీజు కట్టేవారు, ఆ పట్టాను రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో అదనపు అర్హతగా నమోదు చేయించగలరా అన్న ఒక్క ప్రశ్నను ఆ ప్రకటన ఇచ్చిన వారినే రాతపూర్వకంగా అడగాలి.

మన దేశంలో ఎమ్మెస్సీ నర్సింగ్ అంటే రెండేళ్ల పూర్తికాలపు చదువు. బీఎస్సీలో కనీసం 55 శాతం మార్కులు, రిజిస్ట్రేషన్, ఒక ఏడాది పని అనుభవం ఉన్నవారికే అర్హత. మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం అనే ఐదు శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ నర్సింగ్ ఎడ్యుకేషన్ విడి శాఖ కాదు. ఏ శాఖ తీసుకున్నా మొదటి ఏడాదిలో అందరూ చదవవలసిన ఒక పేపరు. కౌన్సిల్ పాఠ్యప్రణాళికలో దానికి 150 గంటల థియరీ, 150 గంటల ప్రాక్టికల్ ఉన్నాయి. అమెరికా వారు ఒక డిగ్రీగా విస్తరించినదాన్ని మనం ఒక పేపరులో ముగిస్తున్నామన్నమాట. అలాగని మన పద్ధతిని తక్కువ చేసి చూడనక్కరలేదు. మొదటి ఏడాదిలోనే వెయ్యి గంటలకు పైగా ప్రాక్టికల్ ఉండే మన ఎమ్మెస్సీలో రోగి పడక దగ్గర గడిపే కాలం, నేను చదివిన ఆన్‌లైన్ కోర్సుతో పోల్చలేనంత ఎక్కువ.

మరి ఆన్‌లైన్ ఎం.ఎస్.ఎన్. ఎవరికోసం? ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసై, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రపు ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సుతో పనిచేస్తున్న నర్సుల కోసం. ఆ లైసెన్సు లేకుండా దరఖాస్తునే చూడరు. బీఎస్సీ నర్సింగ్ ఉండాలి, చాలా చోట్ల జీపీఏ, అంటే మార్కుల సగటు అంకె, నాలుగుకు మూడు ఉండాలి, ఇక్కడి మార్కులను అక్కడి లెక్కలోకి మార్చే సంస్థ నుంచి నివేదిక తెప్పించాలి. సీసీఎన్ఈ, ఏసీఈఎన్, ఎన్ఎల్ఎన్ సీనియా అనే మూడు సంస్థల్లో ఏదో ఒకటి గుర్తించిన కోర్సు అయితేనే చేరాలి. వీటిలో ఏ గుర్తింపూ లేని కోర్సు ఎంత చౌకగా దొరికినా దాని జోలికి పోకూడదు.

ఇక చదువులోని అసలు సరుకు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పరీక్షలు తయారుచేయడం, వాటిని కొలవడం గురించిన పేపరు. ట్యూటర్‌గా ఉన్నప్పుడు మేము ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లం, దిద్దేవాళ్లం, మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లం. ప్రశ్న మంచిదో కాదో పరీక్షించే పద్ధతి ఒకటుందని మాలో ఎవరమూ ఆలోచించలేదు. ఈ పేపరులో ఒక తరగతి జవాబులను పేర్లు తీసేసి మా చేతికిచ్చి, ఒక్కో ప్రశ్నకు రెండు అంకెలు లెక్కగట్టమన్నారు. మొదటిది కాఠిన్య సూచిక: 40 మందిలో 30 మంది సరిగా రాస్తే అది 0.75. అంకె పెరిగేకొద్దీ ప్రశ్న తేలికైనదని అర్థం. రెండవది విచక్షణ సూచిక: మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం మంది, కిందనున్న 27 శాతం మంది ఆ ఒక్క ప్రశ్నకు ఎలా జవాబిచ్చారో పోల్చి, రెండు వర్గాల మధ్య తేడా చూడాలి. బాగా చదివినవారు తప్పు రాసి, చదవనివారు సరిగా రాసిన ప్రశ్నకు ఈ అంకె సున్నా కంటే కిందికి పోతుంది. అప్పుడు లోపం విద్యార్థులది కాదు, ప్రశ్నదే. కొన్నిసార్లు ఉపాధ్యాయుల దగ్గరున్న జవాబుల పట్టికే తప్పుగా ఉంటుంది. అంతా ఎక్సెల్‌లో పట్టే లెక్క. మన జిల్లాలోని ఏ నర్సింగ్ స్కూల్లోనైనా, ఎలాంటి ఖర్చూ లేకుండా, రేపటి ఇంటర్నల్ పరీక్ష నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆ పేపరులోనే ప్రశ్న లోతు గురించి కూడా చెప్పారు. ఉదాహరణకు డిజాక్సిన్ అనే గుండె జబ్బు మాత్రను తీసుకుందాం. "డిజాక్సిన్ ఇచ్చేముందు ఏమి చూడాలి?" అంటే, నాడి చూడాలి, 60 కంటే తక్కువ ఉంటే ఇవ్వకూడదు అని జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది విద్యార్థిని కూడా అప్పజెప్పగలదు. అదే విషయాన్ని ఇలా అడిగి చూడండి: డిజాక్సిన్‌తో పాటు ఫ్యూరోసెమైడ్ కూడా వాడుతున్న 70 ఏళ్ల పెద్దాయన అన్నం సహించడం లేదంటున్నాడు, దీపం చుట్టూ పసుపుపచ్చగా కనిపిస్తోందంటున్నాడు, నాడి 52, పొటాషియం 2.9, నర్సు మొదట ఏమి చేయాలి? ఇప్పుడు విద్యార్థిని, ఫ్యూరోసెమైడ్ అనే మూత్రం మందు వల్ల పొటాషియం తగ్గిందని, పొటాషియం తగ్గితే డిజాక్సిన్ విషప్రభావం పెరుగుతుందని, వాంతి భావన, పసుపు చూపు ఆ విషప్రభావపు గుర్తులేనని కలిపి ఆలోచించి, మాత్ర ఆపి డాక్టరుకు తెలియజేయాలన్న నిర్ణయానికి రావాలి. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ పరీక్ష కూడా ఈ దారిలోనే నడుస్తోంది: గుర్తులు పట్టుకోవడం, వాటిని విశ్లేషించడం, దేనికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలో తేల్చడం, పరిష్కారాలు ఆలోచించడం, చేయడం, ఫలితం చూడడం. మన విశ్వవిద్యాలయ పరీక్షల్లో ఇప్పటికీ "నిర్వచించి, కారణాలు రాసి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ వివరించుము" అనే ప్రశ్నలే రాజ్యమేలుతున్నాయి. అటువంటి ప్రశ్నలకు వాటి విలువ వాటికి ఉంది, రాతలో క్రమశిక్షణ నేర్పుతాయి. కానీ రాత్రి డ్యూటీలో ఒంటరిగా నిలబడిన కొత్త సిస్టర్‌కు కావలసినది పై రకం శిక్షణ.

పాఠ్యప్రణాళిక రచన పేపరుకు నేను ఎంచుకున్న అంశం మన ఫ్లోరోసిస్. తరగతిలో మిగిలినవారు మధుమేహం, పడకపుండ్లు, సెప్సిస్ వంటివి తీసుకుంటే, నేను మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల సంగతి రాశాను. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న పరిమితి, పళ్లు ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లపై పడే గారమచ్చలు, ఏళ్ల తరబడి తాగినవారి కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే నిలిచిపోవడం, మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు ఊళ్లకు చేరడం, నీళ్లు మారినా అప్పటికే వంగిపోయిన ఎముకలు తిరిగి నిటారు కాకపోవడం, అన్నీ చేర్చాను. ఆ ప్రొఫెసర్ జీవితంలో నల్లగొండ పేరు విని ఉండరనుకున్నాను. నీటి శుద్ధి గురించి చదివినప్పుడు విన్నానని ఆవిడే నాకు రాశారు.

ఆ పేపరులో నేర్చుకున్న ముఖ్య సూత్రం, బోధన లక్ష్యాన్ని కొలవగలిగిన క్రియతో రాయాలన్నది. "విద్యార్థులు ఫ్లోరోసిస్ గురించి తెలుసుకుంటారు" అన్న వాక్యాన్ని అక్కడ ఒప్పుకోరు, ఎందుకంటే తెలుసుకున్నారో లేదో చూడడానికి అందులో ఏమీ లేదు. "నీటి పరీక్ష నివేదికను, ముగ్గురు గ్రామస్థుల లక్షణాలను ఇస్తే, ఎవరిని జిల్లా ఆసుపత్రికి పంపాలో విద్యార్థి గుర్తించి కారణం చెబుతుంది" అని రాస్తే అది లక్ష్యం. బోధన లక్ష్యాలను స్థాయిలుగా విభజించే బ్లూమ్ వర్గీకరణలోని ఆరు మెట్లు మన బీఎస్సీలోనూ ఉన్నాయి, మన లెసన్ ప్లాన్ పట్టికలోనూ నిర్దిష్ట లక్ష్యాల గడి ఉంది. కానీ మన దగ్గర ఆ గడిని నింపేది ఎక్కువగా ఇన్‌స్పెక్షన్ కోసం. అక్కడ ఆ గడిలో రాసిన క్రియకూ, తరగతిలో చేయించిన పనికీ, చివర పెట్టిన పరీక్షకూ పొంతన లేకపోతే మార్కులు పోతాయి.

సిమ్యులేషన్ గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. బొమ్మ రోగి మీద సాధన చేయించడం కంటే, ఆ తరువాత విద్యార్థులను కూర్చోబెట్టి, ఏమి జరిగింది, ఎందుకు అలా చేశావు అని తప్పుపట్టకుండా మాట్లాడించే డీబ్రీఫింగే ముఖ్యమని వారంటారు. అది నిజమని నా అనుభవం. ఖరీదైన బొమ్మ లేకపోయినా, ఆ సంభాషణ ఎక్కడైనా సాధ్యమే.

ఆన్‌లైన్ పద్ధతి విషయానికి వస్తే, వీడియో పాఠాలు అందులో చిన్న భాగమే. అసలు చదువంతా చర్చావేదికలో జరుగుతుంది. వారం మధ్యలో మనం ఆధారాలతో ఒక వ్యాసం పెట్టాలి, ఆదివారం లోపల కనీసం ఇద్దరి రాతలకు స్పందించాలి. "చాలా బాగా రాశారు, నేనూ ఏకీభవిస్తున్నాను" అంటే మార్కులు రావు; ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయాలి, అవసరమైతే ప్రొఫెసర్‌తోనూ విభేదించాలి. మేడం ముందు నోరెత్తకుండా పెరిగిన మన పిల్లలకు ఇదొక కొత్త వ్యాయామం. ఆధారాలను ఏపీఏ అనే ఉల్లేఖన నియమావళి ఏడో కూర్పు పద్ధతిలో చూపాలి, ప్రతి రాతా కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ గుండా వెళుతుంది. నోట్సు అప్పజెప్పే అలవాటు ఉన్నవారు మొదటి సెమిస్టర్‌లో తక్కువ పేపర్లు తీసుకోవడం మంచిది.

నల్లగొండ నుంచి చదివిన సెమిస్టర్‌లో కాలమానమే పెద్ద పరీక్ష. టెక్సాస్‌లో ఆదివారం రాత్రి 11:59 గంటల గడువు మనకు సోమవారం ఉదయం 10:29. నవంబరులో అక్కడివారు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక 11:29. ఈ ఏర్పాటు నాకు కలిసివచ్చింది, ఆదివారం చుట్టాలంతా వెళ్లిపోయాక కూడా ఒక రాత్రి మిగిలేది. ప్రత్యక్ష తరగతి మాత్రం వారి సాయంత్రం ఏడు గంటలకు, అంటే మన తెల్లవారుజామున ఐదున్నరకు. కరెంటు పోతే బ్రాడ్‌బ్యాండ్ పోయేది, అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ దిక్కు. తరగతులన్నీ రికార్డు చేసి పెట్టేవారు కనుక చదువుకు నష్టం రాలేదు గానీ, కెమెరా ముందు కూర్చుని రాసే పరీక్షలకు ఈ ధైర్యం పనికిరాదు.

ఈ కోర్సులో నాకు అసంతృప్తి కలిగించినది ప్రాక్టికం, అంటే బోధనలో ప్రత్యక్ష శిక్షణ. చివరి దశలో ఒక నర్సింగ్ కాలేజీలోనో, ఆసుపత్రి శిక్షణ విభాగంలోనో అనుభవమున్న ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పాఠాలు చెప్పి, విద్యార్థులను వార్డులో నడిపించాలి. చదువంతటికీ ఇదే గుండెకాయ. ఇంటి నుంచి చేయడానికి వీలులేని భాగం, ఇండియా నుంచి చేయడానికి మా విశ్వవిద్యాలయం ఒప్పుకోని భాగం కూడా ఇదే. చేరేటప్పుడు ప్రకటనలో "ప్రాక్టికం ఏర్పాటులో సహాయం" అన్నారు. తీరా సమయం వచ్చాక ఆ సహాయం కొన్ని కాలేజీల చిరునామాల జాబితాకే పరిమితమైంది. మాస్టర్స్ చేసి, బోధిస్తూ, మనకు సమయం ఇవ్వడానికి ఒప్పుకునే వారిని మనమే వెతుక్కోవాలి, వారి సంస్థకూ మన విశ్వవిద్యాలయానికీ ఒప్పందం కుదిరేదాకా వేచి చూడాలి. నాకు ఒక కమ్యూనిటీ కాలేజీలో అవకాశం దొరికినా, కాగితాలు కదలక ఒక సెమిస్టర్ వెనక్కి జరిగింది. పెద్ద ఫీజు తీసుకునే సంస్థ ఈ పనిని విద్యార్థుల నెత్తిన వేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఇంకొక సంగతి: చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనలో చాలామందికి చర్మంపై చేసే క్షయ పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు, ప్రాక్టికం ముందు ఆరోగ్య పత్రాలు అడిగినప్పుడు, దానికి బదులు రక్తంతో చేసే ఇగ్రా పరీక్షను ఒప్పుకుంటారా అని ముందే కనుక్కుంటే కంగారు తప్పుతుంది.

మరొక లోటు కూడా ఉంది, అది వారి తప్పు కాదు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్ని తెలుగులో వివరిస్తే తప్ప అర్థం చేసుకోలేని, కానీ పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయవలసిన నల్లగొండ, పాలమూరు అమ్మాయిలకు ఎలా బోధించాలో ఏ అమెరికా కోర్సూ చెప్పదు. భాషలో వెనకబడిన విద్యార్థులంటే వారి దృష్టిలో వలస వచ్చిన కొద్దిమందే. మన తరగతిలో అందరూ ఆ స్థితిలోనే ఉంటారు. ఒకే విషయాన్ని మాటగా, బొమ్మగా, చేతిపనిగా పలు దారుల్లో అందించాలన్న వారి సూత్రం మాత్రం మనకు అక్షరాలా పనికివస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు మా పాత స్కూలు వారు అడిగితే ఆ పద్ధతిలో రెండు పాఠాలు చెప్పాను. కేసును తెలుగులో చర్చించి, నర్సు రిపోర్టును మాత్రం ఇంగ్లీషులో రాయించడం బాగా కుదిరింది.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇటువంటి కోర్సులు సాధారణంగా 30 నుంచి 40 క్రెడిట్ల వరకు ఉంటాయి. చాలా చోట్ల క్రెడిట్ లెక్కన ఫీజు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆరు నెలలకు ఒకే మొత్తం తీసుకుని, ఎన్ని పేపర్లు ముగించగలిగితే అన్ని ముగించుకొమ్మంటాయి. పిల్లలు లేనివారికి, వేగంగా చదవగలవారికి రెండోది లాభం. ఆసుపత్రి యాజమాన్యం చదువు ఖర్చు భరిస్తే, ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను పడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సౌకర్యం ఉందో లేదో అడగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం గురించి కూడా విచారించాలి. చదువు తరువాత నాలుగేళ్లు నర్సింగ్ కాలేజీలో పూర్తికాలం బోధిస్తే, ఆ అప్పులో 85 శాతం వరకు రద్దవుతుంది. అయితే ఈ నిధి అన్ని విశ్వవిద్యాలయాల్లో ఉండదు. బోధన జీతం వార్డు జీతం కంటే తక్కువగా ఉండవచ్చని తెలిసి దిగడం మంచిది. రాత్రి డ్యూటీలు, ఓవర్‌టైం చేసేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. నేను ఇప్పటికీ వారాంతాల్లో వార్డులోనే పనిచేస్తున్నాను.

దరఖాస్తు పెట్టదలచినవారు అన్నిటికంటే ముందు ట్రాన్‌స్క్రిప్టుల పని మొదలుపెట్టాలి. వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం రాకముందు బీఎస్సీ చేసినవారి రికార్డులు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో ఉంటాయి; ఆ తరువాతి వారివి వరంగల్‌లో. అక్కడి నుంచి సీలు వేసిన కవరు నేరుగా, మార్కులను అక్కడి లెక్కలోకి మార్చే మూల్యాంకన సంస్థకు వెళ్లాలి, మన చేతి మీదుగా పంపితే సాధారణంగా ఒప్పుకోరు. పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారు, పాస్‌పోర్టులోనూ లైసెన్సులోనూ ఉన్న పేరుకు, డిగ్రీలో ఉన్న పేరుకు మధ్య తేడాను నిరూపించే పత్రాన్ని నల్లగొండలో ఉన్నప్పుడే సిద్ధం చేసుకుని వెళ్లాలి.